రాజన్న జేబులో దొరికిన పిన్ను

వేలెడంత ఇనుప పిన్ను. దాని బరువు మూడేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, క్యాంపు గదిలో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా వర్క్‌షాపు. ప్రదర్శనశాలలకు పాత వాహనాల నకళ్లు చేస్తాం. ఆ ఏడు వచ్చిన పని ఒక విమానం. ఓడలను ముంచే టార్పెడోను మోసుకెళ్లడానికి వందేళ్ల కిందట చేసిన తొలి విమానాల్లో ఒకటట. తర్వాత్తర్వాత వీటినే సముద్రం మీద గస్తీకి కూడా తిప్పారట. చెక్క ఎముకలు, వాటి మీద బిగించిన గుడ్డ, పొట్ట కింద టార్పెడో. ఓడ మీద చోటు చాలదని రెక్కలు వెనక్కి మడిచేవారు. మేమూ మడిచేలాగే చేశాం. రెక్క చాచాక కదలకుండా పిన్ను దించాలి. తీసినవాడే దాన్ని జేబులో ఉంచుకోవాలి, తనే తిరిగి పెట్టాలి, మరొకరి చేతికి ఇవ్వకూడదు. మా ముదీర్, అంటే మేనేజరు, పెట్టిన నియమం అది.

ఎడమ రెక్క మీద ఇద్దరమే పనిచేసేవాళ్లం, నేనూ రాజన్నా. మా ఊరివాడు, వరసకు బావ, వడ్రంగంలో చెయ్యి తిరిగినవాడు. నాకు ఈ వీసా ఇప్పించింది ఆయనే.

ఆ రోజు పిన్ను తీసింది నేను. రెక్క చాచాను. అంతలో చాయ్ వచ్చింది, పిన్ను నా జేబులోనే ఉంచుకుని వెళ్లిపోయాను. తిరిగొచ్చి అందరం విమానాన్ని నెట్టగానే రెక్క వెనక్కి తిరిగి గోడకు కొట్టుకుంది. ఎవరికీ తగల్లేదు. నెల రోజుల పని మాత్రం ముక్కలైంది.

అందరూ రెక్క దగ్గరికి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. భయమా? భయమే అనుకుందాం. కానీ భయపడ్డవాడు పిన్నును చెత్తలో పారేయొచ్చు కదా, దాన్ని వేయడానికి, చాయ్‌కి ముందు విప్పి మేకుకు తగిలించిన రాజన్న కోటు జేబే ఎందుకు వెతుక్కున్నట్టు? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను మా అమ్మ తిట్టేది. నేను వాసాలే పీకాను.

ముదీర్ సోదా చేయించాడు. పిన్ను దొరికింది. "ఖలాస్" అన్నాడు. వారంలో రాజన్న వీసా రద్దయింది.

వెళ్లేరోజు క్యాంపు గేటు దగ్గర సంచి పట్టుకుని నన్ను అడిగాడు.

"బామ్మర్ది, ఆ పిన్ను నేను తీసినట్టు యాదికి లేదురా. నువ్వేమన్న చూసినవా?"

నిజం చెప్పడానికి అదే అదను.

"నువ్వే తీసినవ్ బావా. మర్చిపోయినవ్."

ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "గట్లనే అయ్యుంటది. వయసైతున్నది గద," అన్నాడు.

నౌకరీ పోగొట్టడం ఒక పాపం. ఇది ఇంకా పెద్దది. రాజన్న ఇప్పుడు ఉలి పట్టడం లేదని ఊరి నుంచి వచ్చినవాళ్లు చెబుతారు. ఎవరైనా తలుపు బిగించమంటే, తనకు మతిమరుపనీ వేరేవాళ్లను పిలుచుకొమ్మనీ అంటాడట.

విమానం ప్రదర్శనలో ఉంది. ఆ రెక్కను అతికించింది నేనే. అతుకు కనపడదని మెచ్చుకున్నారు కూడా.

ఫోను తీసి ఆయన నంబరు నొక్కి ఎన్నిసార్లు పెట్టేశానో. రేపైనా చేస్తానా? తెలియదు. క్షమించమనే మొహం లేదు. మూడేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటను మాత్రం ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే గుండె కాస్త తేలికవుతోంది.

బావా, నువ్వేమీ మర్చిపోలేదు.