ఇసికేలి కోసేసిన నరం

ఫిజీ రాజధాని సువాలో మా వైద్య కళాశాల శవాల గదికి ఇసికేలే పెద్దదిక్కు. కడగడం, కోసి సిద్ధం చేయడం, మా మీద అరవడం అన్నీ ఆయనే. మేం ‘మోమో’ అనేవాళ్లం, ఇక్కడ మేనమామని అలాగే పిలుస్తారు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, నరాల దగ్గర తడబడితే ప్రొఫెసర్లు కూడా ఆయన వైపే చూసేవాళ్లు.

పరీక్ష ముందురోజు మెడ ఎడమవైపు తెరిచి చూపిస్తూ, “శోభనా, వేలు పెట్టి చూడు,” అన్నాడు. “గొంతు నరం ఛాతీదాకా దిగి, రక్తనాళం కింద మలుపు తిరిగి మళ్లీ పైకెక్కుతుంది. శ్వాసనాళానికీ అన్ననాళానికీ మధ్య గాడిలో దొరుకుతుంది. తెగిందా, గొంతు పోయినట్టే. కుడివైపూ ఇంతే.”

“ఎప్పుడూ గాడిలోనే ఉంటుందా మోమో?”

“లేకపోతే మీ హాస్టల్లో ఉంటుందా?”

నవ్వేసి నమ్మేశాను. పద్నాలుగేళ్ల తర్వాత, నేను సర్జన్‌నయ్యాక, ఆయన భార్య మెరెవాయికి థైరాయిడ్ గడ్డ లేస్తే, శోభనే కోయాలని పట్టుబట్టి నా దగ్గరికే తెచ్చాడు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకునేవాళ్లు.

కుడివైపు గాడిలో నరం కనబడలేదు. ఇంకా లోతుగా ఉందనుకున్నాను. పక్కనుంచి అడ్డంగా వచ్చిన సన్నటి తీగని చిన్న రక్తనాళమనుకుని, పట్టుదారంతో ముడివేసి కోసేశాను. అదే నరం. ఏ నూటికో ఒకరికి కుడివైపు నరం ఛాతీలోకి దిగకుండా అడ్డంగా వచ్చేస్తుంది. పుస్తకంలో ఆ వాక్యం నేను చదివాను కూడా. సిగ్గులేని చేతులకి అది గుర్తురాలేదు.

మెరెవాయికి బొంగురు గుసగుస మిగిలింది.

మా దగ్గర తప్పు చేసినవాళ్లు తిమింగలం పన్ను పట్టుకెళ్లి క్షమించమని అడుగుతారు. ఒకటి సంపాదించి బయల్దేరబోతే, భార్యతో సహా ఇసికేలే మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలోనూ పన్ను ఉంది.

“ఇదేంటి మోమో! అడగాల్సింది నేను కదా!”

“ముందు విను. ఆవేళ మీ బల్ల మీది మెడలో కుడి నరం అడ్డంగా ఉంది. పరీక్షలో మీరు తికమకపడతారని, మీరు రాకముందే కోసి తీసేశాను. నువ్వు అడిగినా చెప్పలేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే తల తీసేసినట్టయింది. నా తప్పు ఆయన నెత్తిన పెట్టేయడానికి ఎంత తొందర నాకు!

“ఇక ఆపండి ఇద్దరూ,” అంది మెరెవాయి. వినడానికి ముందుకి వంగాల్సి వచ్చింది. “నేను పోయాక నా మెడ ఆ బల్ల మీద పెట్టండి. ఏమయ్యా, ఈసారి నువ్వేం సర్దకు. బిడ్డా, నువ్వేసిన ముడి కూడా విప్పకు.”

పోయిన జూలైలో అదే బల్ల మీద, విద్యార్థుల ముందు, ఆమె మెడ నేనే తెరిచాను. పక్కన ఇసికేలి నిలబడ్డాడు. నరం అడ్డంగానే ఉంది, నల్లటి ముడి దానిమీద అలాగే ఉంది.

“ఈ ముడి ఎవరు వేశారు మేడమ్?” అంది ఒక విద్యార్థిని.

“నేను,” అన్నాను.

“మేం,” అన్నాడు ఇసికేలి.