శుక్రవారం నిప్పు

గౌలిపురాలో మా ఇంటి ముందున్న నా ఇస్త్రీ బండి మీద నవాబుల షేర్వానీలు మడతపెట్టానని చాలామందికి చెప్పాను. మీకూ చెప్పేవాణ్ణే. కానీ ఇది మా ఆవిడ గురించి రాస్తున్నది, ఉన్నమాటే రాయాలి. నేను చేసినవి బడిపిల్లల యూనిఫాంలు, గుమాస్తాల ప్యాంట్లు. షేర్వానీ ఒక్కటే వచ్చింది, అదీ బ్యాండుమేళం వాడిది.

అప్పట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె. శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఊదు పొగ వేయడానికి గల్లీ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని నిప్పుల కోసం మా దగ్గరికే వచ్చేవాళ్లు. మా ఆవిడ పటకారుతో తలా రెండు నిప్పులు వేసి, వాళ్ల ఇళ్లలోని ముచ్చట్లన్నీ లాగేది.

ఆమెకు దగ్గు ముదిరాక, బొగ్గు మానమన్నాడు డాక్టరు. గ్యాసు పెట్టె కొన్నాను. పని తొందరగా తెమిలేది, హాస్టలు బట్టలూ రావడం మొదలైంది. పొగ పోయింది, సంపాదన పెరిగింది. వాతావరణం కాపాడాలని తిరిగే పిల్లలెవరో వచ్చి ఫోటో తీస్తే, "పాతబస్తీ గాలి మొత్తం నేనే కడిగిన బిడ్డా" అన్నాను.

లోపల మంచం మీది నుంచి ఆమె, "ముందుగాల నీ బనీను కడుక్కో" అంది.

గ్యాసు వచ్చాక మొదటి శుక్రవారం పక్కింటి ముసలామె అలవాటుగా గిన్నె తెచ్చింది. "గ్యాసు గదక్కా, నిప్పులు యాడికెళ్లి వస్తయి?" అన్నాను. ఆమె వెళ్లాక మా ఆవిడ గోడవైపు తిరిగింది. "శుక్రవారం పూట ఉత్త గిన్నెతోని పంపినవ్."

తర్వాత ఎవరూ రాలేదు. మా ఆవిడ మాత్రం అడిగేది: "ఎవలన్న వచ్చిండ్రా?"

"మస్తుమంది వచ్చిండ్రు. నువ్వు పండుకున్నవని లేపలే."

నమ్మిందో లేదో. ఆ చలికాలంలోనే పోయింది. బొగ్గు ఇంకా ముందే మానేసి ఉంటే బతికేదా అని డాక్టరును అడగాలనుకున్నాను. అడగలేదు.

ఆమె ఫోటో ముందు ఊదు వేయాల్సిన మొదటి శుక్రవారం ఇల్లంతా వెతికాను. అగ్గిపెట్టె ఉంది, సిలిండరు ఉంది, నిప్పు కణిక ఒక్కటీ లేదు. గిన్నె పట్టుకుని గల్లీ చివర రొట్టెల భట్టీకి వెళ్లాను. భట్టీ అతను సొంతూరికి పోయి ఆ రోజే తిరిగొచ్చాడు. ఆమె సంగతి అతనికింకా తెలియదు.

"గ్యాసు సేటువి, నిప్పుతోని నీకేం పని చాచా?" అని నవ్వుతూ రెండు కణికలు వేశాడు. "చాచీ పంపిందా?"

"ఔ భాయ్" అన్నాను.

అవి బూడిద పట్టకముందే ఇల్లు చేరాలని గబగబా నడిచాను.