గేటుకు చెప్పని మాట

బోధన్ దగ్గర ఓ చక్కెర మిల్లు గేటులో లింబయ్య ఇరవై ఆరేళ్లు కాపలా కాశాడు. చదువు నాలుగో తరగతితోనే ఆగినా, నడక చూసి మనిషి పనికొచ్చాడో తాగొచ్చాడో చెప్పేవాడు. మేనేజరు దగ్గర నిప్పులాంటి మనిషని పేరు. ఆ నిప్పు మేనేజరు కనబడినంతసేపే. లోపల ప్రమాదం జరిగి సైరన్ మోగితే, బయట గుండెలు బాదుకునే ఆడవాళ్లకు పక్కనున్న చిన్న తలుపు తీసేది ఆయనే. తీసి, ఏమీ ఎరగనట్టు అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు.

రెండువేల మూడులో గేటుకు కంప్యూటర్ వచ్చింది. కార్డు గీకినంత మాత్రాన తెరుచుకునే రకం కాదట అది. మనిషెవరు, ఏ షిఫ్టు, ఏ పని, ఆ నిమిషాన లోపల ఏం జరుగుతోంది, అన్నీ చూసుకుని తీయాలో మూయాలో అప్పటికప్పుడు తేల్చుకుంటుందట. అంటే అచ్చం లింబయ్యలాగే. అందుకే నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు మార్కండేయ మూడు రోజులు ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఎవర్ని ఎప్పుడు పంపుతావని అడిగి రాసుకున్నాడు.

మూడో రోజు, లోపల ప్రమాదం జరిగితే ఏం చేస్తావని అడిగాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. లింబయ్య గొంతు సవరించుకున్నాడు.

“సైరన్ మోగితే బయటోళ్లను ఒక్కల్ని గూడ రానియ్య సార్. మా ఇంటోళ్లైనా సరే.”

మేనేజరు భుజం తట్టాడు. మార్కండేయ ఆ మాట కింద గీత గీశాడు. చిన్న తలుపు సంగతి లింబయ్య కడుపులోనే ఉండిపోయింది. కొత్త గేటుండగా ఇంకెందుకని, వారం తిరక్కుండా ఆ తలుపును ఇటుకలతో మూసేశారు.

మరుసటేడు చెరకు సీజన్లో ఓ మధ్యాహ్నం, రసం మరిగే చోట గొట్టం పగిలి లింబయ్య తమ్ముడు పోశయ్య ఒళ్లంతా కాలింది. సైరన్ మోగింది. పోశయ్య భార్య దేవవ్వ రోజూలాగే సద్దిగిన్నె పట్టుకుని గేటు బయట నిలబడి ఉంది. పోశయ్యకు తెలివుందని, దేవవ్వ ఏదని అడుగుతున్నాడని లోపలివాళ్లు అరిచి చెప్పారు. లింబయ్య తన కార్డు గీకాడు. ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ గీకాడు. గేటును కాలితో తన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, సైరన్ ఆగేదాకా తమ చేతుల్లోనూ లేదన్నారు. ఈలోగా పోశయ్యను వెనక గేటు నుంచి జీపులో తీసుకుపోయారు. నిజామాబాద్ చేరకముందే ప్రాణం పోయింది.

యంత్రం తప్పేమీ లేదని విచారణలో తేలింది. చెప్పింది చెప్పినట్టే చేసిందట. అంత విశ్వాసంగల నౌకరు ఇంకెక్కడ దొరుకుతాడు!

పదకొండో రోజు అందరూ వెళ్లిపోయాక, లింబయ్య మరదలి ముందు కూర్చుని, ఇన్నేళ్లూ ఎవరెవరికి ఆ చిన్న తలుపు తీశాడో పేరుపేరునా చెప్పుకుని ఏడ్చాడు. దేవవ్వ ఏడవలేదు. అన్నీ విని ఒక్కటే అడిగింది.

“గీ ముచ్చట గా సార్‌కు చెప్తే ఏం పోతుండె బావా?”

లింబయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“నౌకరి పోతుండె,” అన్నాడు.