ఆమె కుడిచెవి వైపు

ఇంటర్ మొదటి సంవత్సరం నేను కాలేజీలో చదవలేదు. తార్నాకలో మా పై పోర్షన్‌లో చదివాను. కరోనా వల్ల పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగాయి. మా ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌ను నాన్న డ్యూటీకి తీసుకుపోయేవాడు. పైన అద్దెకుండే అమ్మాయి నాతోపాటే ఎంపీసీలో చేరింది. వాళ్లు కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లమ్మ ముషీరాబాద్‌లో ఒక బడిలో టీచరు. వాళ్లింట్లో ల్యాప్‌టాప్ ఉండేది. రోజూ పొద్దున నోట్‌బుక్ పట్టుకుని మెట్లెక్కేదాన్ని.

ఆమెకు చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవికి కొద్దిగా వినపడేది. ఇయర్‌ఫోన్స్‌లో కుడివైపుది ఆమె పెట్టుకునేది, ఎడమవైపుది ఎలాగూ ఆమెకు పనికిరాదు కాబట్టి నాకిచ్చేది. సౌండ్ మొత్తం పెంచితే గానీ ఆమెకు అందేది కాదు. క్లాసు అయ్యేసరికి నా చెవి హోరెత్తిపోయేది. అర్థం కానిచోట ఆమె రికార్డింగ్‌ను వెనక్కి జరిపి మళ్లీ వినేది, మళ్లీ వినేది. నేను ఆవలిస్తూ కూర్చునేదాన్ని. సాయంత్రం యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తూ ఆ రోజు పాఠమంతా నాకు విడమరిచి చెప్పేది. నాకు డిఫరెన్సియేషన్ నేర్పింది సార్ కాదు, ఆమె.

రెండో సంవత్సరం కాలేజీ తెరిచారు. గదిలో డెబ్బై మందిమి. పైన ఫ్యాన్ల చప్పుడు, బయట బస్సుల హారన్లు. మ్యాథ్స్ సార్ బోర్డు వైపు తిరిగి చెప్పేవారు. ఆయన మాస్కు తీసేవారు కాదు, పెదాలు చూసి అందుకునే వీలు కూడా ఆమెకు లేకపోయింది. నేను ఆమెకు కుడిపక్కన కూర్చుని, సార్ చెప్పింది నా నోట్‌బుక్ అంచున రాసేదాన్ని. ఆమె చూసి రాసుకునేది. అయినా ఆ క్లాసు నాకు ఎంతో నచ్చింది. డౌట్ అడిగితే సార్ వెంటనే చెప్పేవారు, నలుగురిలో మెచ్చుకునేవారు. ఆ సంతోషం ఆమె పక్కన కూర్చుని దాచుకోవలసి వచ్చేది.

ఎంట్రన్స్ కోసం అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఒకటి పెడతామని టెస్ట్ పెట్టారు. సార్ లెక్కలు నోటితో చెప్పారు. ఆమె రెండింటిని తప్పుగా రాసుకుంది. నాకు పై అంతస్తులోని బ్యాచ్‌లో సీటొచ్చింది, ఆమె కిందే ఉండిపోయింది.

“సార్‌కు చెప్దామే, నీకు సరిగ ఇనపడదని,” అన్నాను.

“వద్దు. చెబితే అందరూ నా ముందు అరిచి మాట్లాడతారు. నువ్వు వెళ్లు, నేను చూసుకుంటాను.”

రెండోసారి అడగలేదు. ఆమె మాటకు విలువిచ్చాననుకున్నాను. నిజానికి నాకు పైకి వెళ్లాలని తొందరగా ఉంది.

మా బ్యాచ్ టైమింగ్స్ వేరు. కలుసుకోవడం తగ్గిపోయింది. ఒకరోజు సార్ రాలేదని మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. క్యాంపస్ లోపలినుంచి ఇంటికి నడుస్తున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు చెట్ల కింద గైడ్లు పరుచుకుని కూర్చునేచోట, వాళ్ల మధ్య మా కాలేజీ యూనిఫాం కనిపించింది. ఆమే. చెవిలో ఇయర్‌ఫోన్, ఒళ్లో ఫోను, ఫోనులో ఎవరో చెబుతున్న ఇంటిగ్రేషన్. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది.

“ఎన్ని రోజులైతున్నది గీడ కూసోవట్టి?”

“మూడు వారాలు.”

నెమ్మదిగా చెప్పింది. ఒకరోజు సార్ వెనకనుంచి పిలిచారట. మూడుసార్లు పిలిచినా పలకకపోతే పొగరనుకుని, క్లాసు అయ్యేదాకా తలుపు దగ్గర నిలబెట్టారట. అందరూ నవ్వారట.

“వినపడట్లేదా అని తిట్టారు. అవునండీ అంటే సరిపోయేది. నోరు పెగల్లేదు,” అంది. ఇక్కడైతే తననెవరూ పిలవరంది. అమ్మకు చెప్పొద్దని బతిమాలింది.

ఆ సాయంత్రమే వాళ్లమ్మకు చెప్పేశాను. ఆవిడ దిద్దుతున్న నోట్‌బుక్కులు పక్కన పెట్టింది. తర్వాత, “నువ్వు పక్కన ఉంటావన్న ధైర్యంతోనే పంపానమ్మా,” అంది.

మర్నాడు ఆవిడా నేనూ కాలేజీకి వెళ్లాం. సార్ విని నొచ్చుకున్నారు. ముందే తెలిస్తే అలా చేసేవాణ్ణి కానన్నారు. ముందు బెంచీ ఇస్తామన్నారు గానీ, ఆన్‌లైన్‌లో వినే వీలుందా అని వాళ్లమ్మ అడిగితే, ఆ క్లాసులు ఆపేశాం, మళ్లీ పెట్టలేమన్నారు. ఆమె ఇక కాలేజీకి రాలేదు. హాజరుకు బదులు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, ఇంట్లోనే వీడియోలు చూసి చదివి పరీక్షలు రాసింది, పాసైంది. నాతో మాత్రం మాట్లాడలేదు. ఆ వేసవిలోనే వాళ్లు గోల్నాకకు మారిపోయారు.

ఇప్పుడు నేను అదే క్యాంపస్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, ఆమె స్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతోంది. ఈమధ్య ఏదో పని మీద క్యాంపస్‌కు వచ్చి నాకు మెసేజ్ పెట్టింది. చెవికి మెషిన్ పెట్టుకుంది. క్యాంటీన్‌లో టీ తాగుతూ, ఆ రోజు వాళ్లమ్మకు చెప్పినందుకు కోపం ఇంకా ఉందా అని అడిగాను.

“దానికి కోపం లేదు. పై బ్యాచ్‌కు వెళ్లాక ఒక్కరోజైనా కిందికి దిగి చూడలేదు కదా నువ్వు. అదే.”

నింద వేసినట్టు అనలేదు, జరిగింది చెప్పిందంతే. లేచేముందు, ఆదివారం ఇంటికి రమ్మంది. సరేనన్నాను. రెండు ఆదివారాలు గడిచాయి. ఇంకా వెళ్లలేదు.