విమానంలో కాణిపాకం ప్రమాణం

నగరిలో మాకు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. కిందటేడు నాయనను కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకెళ్తూ, సరదా పడతాడని రేణిగుంటలో మొదటిసారి విమానం ఎక్కించాను. రన్‌వే దాకా వెళ్లిన విమానం వెనక్కి వచ్చి ఆగింది. బ్రేకుల్లో ఏదో లోపమని, ఇంజనీరు సరిచేస్తున్నాడని చెప్పారు. చాలాసేపటికి, అంతా బాగైందని ఎయిర్‌హోస్టెస్ ప్రకటించగానే నాయన బెల్టు విప్పి లేచి నిలబడ్డాడు.

“మా మగ్గాల మెకానిక్కూ ఇట్లే అంటాడమ్మా. వాడు వీధి దాటకముందే మగ్గం మళ్లీ నిలిచిపోతాది. బాగైందని కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చెయ్యి, కూర్చుంటా.”

ఆ స్వామి మీద అబద్ధపు ప్రమాణం చేస్తే బాగుపడరని మా వైపు గట్టి నమ్మకం. నాకేమో తల కొట్టేసినట్లయింది. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం “పెద్దాయన అడిగింది న్యాయమే, చెయ్యమ్మా” అని అందుకున్నారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి చెయ్యి చాచింది. “కాణిపాకం వినాయకుడి సాక్షిగా చెప్తాండా. బాగైందని ఇంజనీరు మాతో చెప్పినాడు.”

అందరూ చప్పట్లు కొట్టారు. నాయన హైదరాబాద్ దాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు.

దిగేటప్పుడు ఆమెకు కృతజ్ఞతలు చెప్పాను.

“మాది కాణిపాకం పక్క ఊరే సార్” అంది నవ్వుతూ. “అందుకే ఇంజనీరు చెప్పినాడని మాత్రమే ప్రమాణం చేసినా. బాగైందో లేదో నాకేం తెలుసు?”

ఈ సంగతి నాయనకు ఇంతవరకూ చెప్పలేదు. తిరుగు ప్రయాణానికీ విమానమే కావాలని ఆయన పట్టుబట్టాడు. నేను రైలుకు టికెట్లు తీశాను.