సముద్రం ట్యాంక్‌బండ్ కాదు

2023 ఏప్రిల్. సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మెట్ల కింద ఓ చిన్న గది, ఒక కంప్యూటర్, కిర్రుమనే ఫ్యాను. అదే నా ట్రావెల్ ఆఫీసు. మా పుట్టింటివాళ్లది భీమిలి కాబట్టి విశాఖ టూర్లంటే నాకు కాస్త గర్వం, ఇంకాస్త మొండితనం.

ఆరోజు బోయిగూడ నుంచి సలీమ్ వచ్చాడు. వాళ్లమ్మ రహీమా గారికి డెబ్బై దాటాయి. ఆమె భర్త లారీ డ్రైవర్. విశాఖలో సరుకు దించినప్పుడల్లా ఊరి బయట ఓ కొండెక్కి సముద్రం చూసి వచ్చేవాడట. ఆయన పోయి ఏడాదైంది. ఆ కొండ మీద ఒక్కసారి నిలబడాలని ఆమె కోరిక. సలీమ్‌కు దొరికింది ఒక్కరోజు సెలవు. ఆమె మోకాళ్లు ఇంకో ప్రయాణానికి ఒప్పుకునేలా లేవు.

“పొద్దున దిగుతం, రూముల జెర పండుకుంటం, బిర్యానీ తింటం. సాయంత్రం సల్లగ కొండ మీదికి పోతం. గిట్ల రాయుండ్రి మేడమ్,” అన్నాడు.

మన సికింద్రాబాద్ వాళ్లందరూ చేసే పొరపాటే ఇది. ట్యాంక్‌బండ్ అలవాటు మరి! షికారంటే సాయంత్రమే. సముద్రం దగ్గర ఆ లెక్క కుదరదు. ఎండాకాలంలో పొద్దున గాలి మెత్తగా ఉంటుంది, నేల కాగేకొద్దీ జోరందుకుంటుంది. ఇటినరరీ, అంటే గంటల వారీ ప్రయాణ పథకం, రాసే ముందు నేను వాన కంటే గస్ట్ చూస్తాను. గస్ట్ అంటే ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి. వాళ్లు వెళ్లే రోజు పదకొండు దాటితే గస్టులు గట్టిగా ఉంటాయని వాతావరణ సూచన. గాలి మితిమీరితే ఆ కొండ గేటు మూసేస్తారు.

“స్టేషన్ నుంచి నేరుగా కొండకే,” అన్నాను.

“ఏందీ పరేషాన్? అమ్మీని చాయ్ సుత తాగనియ్యరా?”

“చాయ్ ఫ్లాస్కులో పోయిస్తా. సాయంత్రమే కావాలంటే ఇంకో ఆఫీసు చూసుకోండి!”

నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది. అతను మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు. అంత మాట అన్నాక, నా లెక్క తప్పితే ఎలా అని నాకే భయమేసింది. అందుకే నేనూ వాళ్లతో రైలెక్కాను.

విశాఖలో దిగి, పొద్దున ఏడింటికల్లా కొండ మీదున్నాం. ఆకు కూడా కదలడం లేదు. రహీమా గారు కొడుకు చెయ్యి వదిలి రెయిలింగు పట్టుకున్నారు. ముందుకు వంగి సముద్రం కేసి చూశారు. తర్వాత నవ్వుతూనే ఏడ్చేశారు.

“మీదికెల్లి చూస్తే సముద్రం గోడ లెక్క నిలవడ్తదని మా ఆయన చెప్తుండె బిడ్డా. నలభై ఏండ్లు జూటా మాటలని ఎక్కిరించిన. సూడు, నిజంగనే గోడ!”

ఆమె తనివితీరా చూశాకే దిగాం. కింద ఆలస్యంగా టిఫిన్ తింటుంటే, పదకొండింటికి గాలి అందుకుంది, హోటల్ బోర్డు తపతపా కొట్టుకుంది. కొండ గేటు మూసేశారని మా డ్రైవర్ చెప్పాడు. మేం రైలెక్కేదాకా మళ్లీ తెరవలేదు.

“మాఫ్ చెయ్యిండ్రి మేడమ్. మీరే గెల్చిండ్రు,” అన్నాడు సలీమ్.

“మేడమ్ కాదురా, మీ అబ్బా గెల్చిండు,” అన్నారు ఆమె.

నాకు ఎంత సంతోషమేసిందంటే ఇంకో దోసె తెప్పించుకున్నాను. అంతకుముందు కస్టమర్ పట్టుబడితే సరేనని రాసిచ్చి, గాలొస్తే దేవుడి మీద తోసేసేదాన్ని. ఒక్కరోజే చేతిలో ఉన్నవాళ్ల దగ్గర అలా తలూపడం మర్యాద కాదని, వాళ్ల కోసం వాళ్లతోనే పోట్లాడాలని ఆరోజు నేర్చుకున్నాను. ఇప్పుడు హాయిగా పోట్లాడుతున్నాను.