ఒక్క సీడీలో పట్టిన పిన్ని పెళ్ళి

మా చిన్నప్పుడు... మా ఇంట్లో కంప్యూటర్ పని చేస్తుంటే మిక్సీ వేయకూడదు. ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. కరెంటు కాస్త తగ్గినా ఆ మహానుభావుడు టక్కున ఆగిపోయేవాడు... మళ్ళీ మొదటి నుంచీ మొదలు. అమ్మ రోట్లో పచ్చడి నూరుకుంటూ, "ఈ ఇంట్లో దీనికున్న మర్యాద ఇంకెవరికీ లేదు" అనేది.

ఏలూరు పక్కన వట్లూరులో ఉండేవాళ్ళం. అన్నయ్య ఇంజనీరింగ్ చదువు కోసం మాష్టారైన మా నాన్న కొన్న కంప్యూటర్ అది. ముందుగదిలో బల్ల మీద, అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పుకుని కూర్చునేది.

ఆ వేసవిలోనే కొల్లేటి ఒడ్డున అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మా పిన్ని పెళ్ళయింది. అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. చర్చిలో పెళ్ళి, బయట షామియానా, స్టేజీ, ఆ పక్కన భోజనాల బల్లలు... వీడియో తీసినతను అన్నయ్య స్నేహితుడే. తీసిందంతా మా కంప్యూటర్లోకి ఎక్కించేసి, టేపులు పట్టుకెళ్ళి తర్వాతి పెళ్ళికి వాడేసుకున్నాడు. అప్పట్లో అదే పద్ధతి. హార్డ్ డిస్కు మాత్రం ఇంకో పాట కూడా పట్టనంతగా నిండిపోయింది.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి పిన్ని అత్తగారి ఫోను. "బాబూ, ఒక్క సీడీలో వచ్చేలా చూడండి. మా వాళ్ళందరికీ పంచాలండి. రెండో సీడీ మార్చేదాకా ఎవరు కూర్చుంటారు చెప్పండి?"

అన్నయ్య రంగంలోకి దిగాడు. సీపీయూకి పక్కరేకు ఊడదీసి, వేడెక్కకుండా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. మేమంతా ఉక్కలో... కంప్యూటర్ గాలిలో! వీడియో ఎంతవరకు తయారైందో చూపే నీలం గీత తెర మీద నత్తలా కదిలేది. వంటింట్లోంచి అమ్మ, "ఎంతవరకు ఉడికిందిరా?" అని అడిగేది. "ఇంకా పొంగు కూడా రాలేదమ్మా" అనేదాన్ని నేను.

మొదటిసారి పెళ్ళి మొత్తాన్ని ఒక్క సీడీలో కుక్కితే పిన్ని మొహం గళ్ళు గళ్ళుగా వచ్చింది. "ఇందులో పెళ్ళికూతురు ఎవర్రా?" అన్నారు నాన్న కళ్ళజోడు సవరించుకుంటూ. ఇక లాభం లేదు, నిడివి తగ్గించాల్సిందే.

ఏం తీసేయాలి? ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరాం.

"పాస్టరు గారి ప్రసంగం కొంచెం..." అని అన్నయ్య అనబోతే నాన్న చూసిన చూపుకి మాట మింగేశాడు. స్టేజీ మీదకొచ్చి ఫోటోకి నిలబడ్డవాళ్ళలో ఒక్కరిని తీసినా జన్మంతా మాట్లాడరు. ఇక మిగిలినవి భోజనాలే.

"భోజనాలు తీసెయ్" అంది అమ్మ. "తినేవాళ్ళ నోళ్ళు చూపించడం ఏం అందం?"

"అమ్మా... నువ్వున్నది అందులోనే కదే" అన్నాడు అన్నయ్య.

నిజమే. ఆ రోజు మైకులో "పెళ్ళికూతురి అక్కగారు స్టేజీ మీదకి రావాలండీ" అని పిలుస్తూనే ఉన్నారు. అమ్మ రాలేదు. ఫోటోలో నాన్న, మేమిద్దరం, మధ్యలో కాస్త ఖాళీ. అమ్మేమో పమిట నడుముకి బిగించి, బంతి బంతికీ చేపల పులుసు వడ్డిస్తూ తిరిగింది. చెల్లెలి పెళ్ళిలో ఒక్కరు కూడా అరాకొరా తిని లేవకూడదని ఆవిడ పట్టుదల.

"అందుకే తీసెయ్యమంటున్నాను. ఆ నలిగిన చీర, ఆ చెమట... నన్నెవరు చూస్తార్రా? నేను ఇక్కడే ఉన్నాగా, చూసుకోండి" అంది నవ్వుతూ.

తీసేశాం. సీడీ చక్కగా కుదిరింది. కొన్నాళ్ళకి అన్నయ్యకి కాలేజీ సాఫ్ట్‌వేర్ ఏదో కావాల్సి వస్తే, చోటు చాలక పెళ్ళంతా ఉన్న ఆ పెద్ద ఫైలు కూడా చెరిపేశాడు. ఎవరం ఏమీ అనుకోలేదు.

అది చెరపకముందు, సీడీ మొదటిసారి టీవీలో వేసుకున్న రోజు... స్టేజీ అయిపోయి, కొత్త జంట కారెక్కే ముందు, కనురెప్పపాటు ఇంకేదో వచ్చింది. అన్నయ్య కత్తిరింపు సరిగ్గా పడలేదు. ఎర్రగాజుల చెయ్యొకటి, గరిటె, విస్తట్లో పడుతున్న పులుసు... "ఏవండీ, మొహమాటపడకండి, ఇంకొంచె..." అంతే, కారు వచ్చేసింది.

"ఒరేయ్, అది నా చెయ్యే! అదొక్కటీ ఎందుకుంచావు, తీసెయ్!" అని అమ్మ ఒకటే నవ్వు. మళ్ళీ అంతా మొదటి నుంచీ ఉడకబెట్టే ఓపిక లేక అన్నయ్య వదిలేశాడు. ఆ బద్ధకానికి ఈరోజుకీ వాడికి దణ్ణం పెడతాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకే అమ్మ వెళ్ళిపోయింది... ఫోన్లలో వీడియోలు తీసుకునే రోజులు మా ఇంటి దాకా రాకముందే. ఫోటోలున్నాయి. వాటిలో అమ్మ బిగుసుకుపోయి, ఎవరో పొరుగింటావిడలా ఉంటుంది. కదిలే అమ్మ, మాట్లాడే అమ్మ... ఆ చెయ్యి, ఆ సగం మాట. అంతే.

ఇప్పుడు నా ఫోన్లో బోలెడు చోటు. మా అబ్బాయి ఇడ్లీ తినడం కూడా ఓ వీడియోనే. దేన్నీ తగ్గించాల్సిన పని లేదు. తగ్గించకుండా దాచుకోవాల్సిన మనిషే లేదు.

పిన్ని ఇంట్లో ఆ సీడీని పోయినసారి ఫోన్లోకి ఎక్కించుకున్నాను. ప్రసంగం, స్టేజీ, అన్నీ దాటేసి నేరుగా అక్కడికే వెళ్తాను. ఎన్నిసార్లు చూసినా "ఇంకొంచె..." దగ్గరే ఆగిపోతుంది. ఇంకొంచెం ఉంటే బాగుండేదమ్మా...

మీ ఇంట్లోనూ పాత పెళ్ళి సీడీలు ఉండే ఉంటాయి. ఈసారి భోజనాల దగ్గర ముందుకి జరపకండి. వడ్డిస్తున్నది ఎవరో చూసి, నాకూ చెప్పండి...